తుపాకీకి బిగించే టార్చిలైటు: తక్కువ ఖర్చులో ఏది సరిపోతుంది, ఎందుకు

క్లుప్తంగా

అమెరికాలో ఇంటి రక్షణ కోసం తుపాకీ కొన్నవారు ఆ తర్వాత వెతికే వస్తువుల్లో దానికి బిగించే టార్చిలైటు ఒకటి. ముప్పై డాలర్ల నుంచి మూడు నాలుగు వందల డాలర్ల దాకా పలికే ఈ లైట్ల మధ్య అసలు తేడా డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసే ల్యూమెన్ల (మొత్తం వెలుగు కొలత) అంకెలో లేదు. వెలిగించే మీట అమరికలో, పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్నుకు తట్టుకునే తీరులో, బ్యాటరీ నమ్మకంలో ఉంది. ఇంటి లోపలి దూరాలకు 500 ల్యూమెన్లు చాలు. ఆ పనిని నమ్మకంగా చేసే లైట్లు 120 నుంచి 160 డాలర్ల మధ్య దొరుకుతున్నాయి. చేత పట్టుకునే మామూలు టార్చి లేని ఇంట్లో మాత్రం తుపాకీ లైటు ముందుగా కొనడం వరుస తప్పిన ఖర్చు.

ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది

ప్యూ రీసెర్చ్ సెంటర్ 2023లో జరిపిన సర్వే ప్రకారం అమెరికాలోని వయోజనుల్లో 32 శాతం మందికి సొంత తుపాకీ ఉంది. వారిలో 72 శాతం మంది ఆత్మరక్షణే ముఖ్య కారణమని చెప్పారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఈ ఆలోచన కొత్తది కాదు. ఇళ్లలో బంగారం ఉంటుందన్న అంచనాతో ఆసియా, భారతీయ కుటుంబాలను ఎంచుకుని ఒక ముఠా 2011–2014 మధ్య జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో ఇళ్లలోకి చొరబడి దోపిడీలు చేసింది. దాని సూత్రధారికి ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలు శిక్ష వేసింది. అలాంటి కేసు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ అలారం, కెమెరా, తుపాకీ అన్న మాటలు ఒకదాని వెంట ఒకటి వినిపించడం సహజం.

ప్రమాదపు పరిమాణం ఎంతో కూడా చూడాలి. అమెరికా న్యాయ గణాంకాల విభాగం 2003–2007 నాటి దొంగతనాలను పరిశీలించి 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఇళ్లలో జరిగిన దొంగతనాల్లో 28 శాతం సందర్భాల్లోనే ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నారు. ఇంట్లోవారిపై హింస జరిగినవి మొత్తం దొంగతనాల్లో 7 శాతం. అంటే రాత్రిపూట చప్పుడు వినిపించినప్పుడు ఎదుట ఉన్నది ఆయుధం పట్టుకున్న దొంగ కావడం కన్నా మరొకరు, మరొకటి కావడానికే అవకాశం ఎక్కువ. ఆలస్యంగా ఇల్లు చేరిన కొడుకు కావచ్చు, మందుమత్తులో తలుపు పొరబడిన పొరుగాయన కావచ్చు, నీళ్ల కోసం లేచిన అత్తగారు కావచ్చు. 2021 డిసెంబరు 29 తెల్లవారుజామున ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఒక తండ్రి గ్యారేజీలో ఉన్నది చొరబాటుదారు అనుకుని కాల్చగా అతని 16 ఏళ్ల కూతురు మరణించింది.

తుపాకీ లైటు అవసరాన్ని ఈ కోణం నుంచే అర్థం చేసుకోవాలి. గురి కుదరడానికన్నా ముందు మనిషిని గుర్తుపట్టడానికి అది కావాలి. ముఖం ఎవరిది, చేతుల్లో ఏముంది, వెనుక ఎవరున్నారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఇవ్వగలిగితే లైటు తన పని చేసినట్టే. మిగతా గుణాలన్నీ ఆ తర్వాతివి. ప్రకటనల్లో మాత్రం ఈ వరుస తలకిందులుగా కనిపిస్తుంది.

ల్యూమెన్లు, క్యాండెలాలు: డబ్బా మీది అంకెలు చెప్పేదేమిటి

లైటు నుంచి అన్ని దిక్కులకూ కలిపి వెలువడే మొత్తం వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. ఒక దిక్కున ఆ వెలుగు ఎంత తీక్షణంగా పోతోందో చెప్పేది క్యాండెలా. తోటకు నీళ్లు పెట్టే గొట్టంలో వచ్చే నీరు అంతే అయినా, చివర బొటనవేలు అడ్డం పెడితే ధార సన్నబడి దూరం పోతుంది. ల్యూమెన్లు మారకుండానే అద్దం, పరావర్తకం ఆకారాన్ని బట్టి క్యాండెలా మారేది ఇలాగే. ఒకే 1,000 ల్యూమెన్ల లైట్లు రెండింటిలో ఒకటి గదంతా పరుచుకోవడానికీ, మరొకటి వీధి చివరి దాకా సూటిగా పోవడానికీ కారణం ఇదే.

ఈ అంకెలను ఎవరికి తోచినట్టు వారు వేసుకోకుండా 2009లో అమెరికాలో ఎఫ్ఎల్1 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం లైటు వెలిగించిన 30 సెకన్ల తర్వాత ల్యూమెన్లు కొలవాలి. ఒక చోట పడే వెలుగు 0.25 లక్స్‌కు (లక్స్ ఆ వెలుగు కొలత), అంటే సుమారుగా నిండు పున్నమి వెన్నెల స్థాయికి పడిపోయే దూరాన్ని వెలుగు దూరంగా చెప్పాలి. వెలుగు మొదటి స్థాయిలో పదో వంతుకు తగ్గే దాకా పట్టే సమయాన్ని మన్నిక సమయంగా రాయాలి. ఈ మూడు నిర్వచనాలు తెలిసిన కొనుగోలుదారుకు డబ్బా మీది మాటలు వేరేగా వినిపిస్తాయి. 280 మీటర్ల దూరం అంటే అంత దూరాన వెన్నెలంత వెలుగు పడుతుందని మాత్రమే అర్థం. అక్కడున్న మనిషి ముఖం పోల్చుకోవచ్చని కాదు. గంటన్నర మన్నిక అంటే గంటన్నర పాటు పూర్తి వెలుగు ఉంటుందని కూడా కాదు. వేడి పెరగకుండా చాలా లైట్లు కొద్ది నిమిషాల్లోనే వెలుగు తగ్గించుకుంటాయి. ఇంటి అవసరం సాధారణంగా నిమిషాల్లో తేలిపోతుంది కాబట్టి ఆ తగ్గుదల పెద్ద లోపమేమీ కాదు. ప్రమాణం పేరే లేని డబ్బా మీద 2,000 ల్యూమెన్లు అని రాసి ఉంటే మాత్రం ఆ అంకెను పట్టించుకోవలసిన పని లేదు.

ఇంట్లో ఎంత వెలుగు కావాలో లెక్క వేసి చూడవచ్చు. క్యాండెలాను మీటర్లలో దూరపు వర్గంతో భాగిస్తే ఆ చోట పడే వెలుగు లక్స్‌లలో వస్తుంది. స్ట్రీమ్‌లైట్ టీఎల్ఆర్-7ఏ లైటు 500 ల్యూమెన్లు, 5,000 క్యాండెలా. ఏడు మీటర్ల దూరంలో, అంటే అమెరికా సబర్బన్ ఇంట్లో పడకగది మంచం నుంచి నడవా చివరి దాకా ఉండే దూరంలో, అది సుమారు 100 లక్స్ ఇస్తుంది. అదే సంస్థ చేసే టీఎల్ఆర్-1 హెచ్ఎల్ 1,000 ల్యూమెన్లు, 20,000 క్యాండెలా. అదే దూరంలో అది 400 లక్స్ ఇస్తుంది. కార్యాలయంలో బల్ల మీద సాధారణంగా ఉండే వెలుగు 300 నుంచి 500 లక్స్. ముఖాన్నీ చేతులనూ పోల్చుకోవడానికి 100 లక్స్ చాలు, 400 ఉంటే ఇంకా తేలిక. ఆ పైన పెరిగే ప్రతి అంకెకూ ఇంటి లోపల ప్రయోజనం తగ్గుతూ వస్తుంది.

ఒక దశ దాటాక ఆ పెరుగుదల ఎదురు తిరుగుతుంది కూడా. అమెరికా ఇళ్లలో గోడలు ఎక్కువగా తెల్లటి, లేత రంగుల జిప్సం పలకలవే. 66,000 క్యాండెలా ఉండే షూర్‌ఫైర్ ఎక్స్300 టర్బో వంటి లైటును రెండు మీటర్ల దూరంలోని తెల్ల గోడ మీదకు తిప్పితే ఆ మచ్చ మీద 16,500 లక్స్ పడుతుంది. చీకటికి అలవాటుపడిన కన్ను ఆ మెరుపుతో ఒక్కసారిగా మొద్దుబారుతుంది. మళ్లీ పూర్తిగా చీకటికి అలవాటుపడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. స్నానాల గది అద్దమో, టీవీ తెరో ఎదురైతే మరీ ఇబ్బంది. అలాంటి లైట్లను ఆరుబయట పని కోసం, కారు అద్దాల వెనుక, వీధి దీపాల వెలుగుకు అవతల ఉన్న మనిషిని చూడవలసిన పోలీసుల కోసం చేశారు. పడకగది తలుపు వైపు చూస్తూ అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి ఎదురుచూసే కుటుంబానికి ఆ గుణం కోసం అదనంగా 150 డాలర్లు పెట్టాల్సిన అగత్యం లేదు.

ముందు చేతి టార్చి, తర్వాత తుపాకీ లైటు

తుపాకీ శిక్షణలో అందరికీ నేర్పే నాలుగు నియమాల్లో రెండోది ఇది: నాశనం చేయడానికి సిద్ధంగా లేని దేనివైపూ గొట్టం మూతి తిప్పకూడదు. తుపాకీకి బిగించిన లైటును టార్చిలా వాడితే ఈ నియమం వెంటనే దెబ్బతింటుంది. లైటు ఎటు తిరిగితే గొట్టం అటు తిరుగుతుంది. చీకట్లో ఎవరో తెలుసుకోవడానికి కూతురి మీద లైటు వేశారంటే తూటా ఉన్న తుపాకీ కూతురి మీద గురిపెట్టినట్టే. ఈ వైరుధ్యాన్ని ఎంత ఖరీదైన లైటూ తీర్చలేదు.

అందుకే వరుసలో మొదటిది మామూలు చేతి టార్చి. అమెరికాలో 30 నుంచి 70 డాలర్లకు పేరున్న సంస్థల టార్చిలు దొరుకుతాయి. కరెంటు పోయినా, పెరట్లో కుక్క మొరిగినా, మెట్ల కింద చప్పుడైనా అదే పనికొస్తుంది. సంవత్సరంలో వందసార్లు వాడే వస్తువు ఇది. తుపాకీ లైటు అవసరం అసలు రాకపోవచ్చు. ఇంటి బయట కదలికను బట్టి వెలిగే దీపం, నడవాలో సన్నటి రాత్రి దీపం ఉంటే చాలా సందర్భాల్లో రెండు టార్చిల అవసరమూ తప్పుతుంది. ఈ మాట లైట్లు అమ్మేవారికి నచ్చేది కాదు.

అలాగని తుపాకీ లైటు వృథా అని కాదు. దాని పక్షాన ఉన్న వాదం బలమైనదే. ఒక చేత్తో ఫోన్ పట్టుకోవాలి, చంటిబిడ్డను ఎత్తుకోవాలి, తలుపు గడియ తీయాలి. ఆ సమయంలో మరో చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో టార్చి అంటే మనిషికి మూడు చేతులు కావాలి. రెండు చేతులతో పట్టుకున్న పిస్టల్ గురి, ఒక చేత్తో పట్టుకున్నదాని కన్నా స్థిరంగా ఉంటుందన్నదీ నిజమే. రైఫిల్, షాట్‌గన్ అయితే రెండు చేతులూ తప్పనిసరి కాబట్టి వాటికి లైటు బిగించడం దాదాపు అనివార్యం.

ఈ రెండింటి నడుమ శిక్షకులు నేర్పే మార్గం ఒకటుంది. గొట్టం మూతిని మనిషి మీదకు కాక కిందికి, నేల వైపు వంచి లైటు వేస్తే, నేల నుంచి, గోడల నుంచి తిరిగి వచ్చే వెలుగు గదిని నింపుతుంది. నాలుగు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న గదిలో గోడలు, నేల, కప్పు కలిపి 85 చదరపు మీటర్ల వైశాల్యం. 500 ల్యూమెన్లలో ఐదో వంతు మొదటి తాకిడికే పోయిందనుకున్నా మిగిలిన వెలుగు ఆ వైశాల్యమంతా పరుచుకుంటే సుమారు 5 లక్స్ వస్తుంది. పున్నమి వెలుగుకు అది 20 రెట్లు. ఎదుట ఉన్నది ఇంట్లోవాళ్లా కాదా అన్నది తేల్చుకోవడానికి ఇది సరిపోతుంది. నేల ముదురు రంగు చెక్కదైతే ఫలితం తగ్గుతుంది. 500 కన్నా మరీ తక్కువ ల్యూమెన్లున్న చిన్న లైట్లు వెనుకబడేది సరిగ్గా ఇక్కడే. దూరం పోవడంలో వాటికి ఇబ్బంది లేదు, గదిని నింపడంలోనే ఉంది.

మీట ఎక్కడుందన్నదే పెద్ద ప్రశ్న

ధర ఎంతైనా, పేరెంత పెద్దదైనా, కొనేముందు చేత్తో పట్టుకుని చూడవలసిన భాగం మీట. పిస్టల్ లైట్లలో ఎక్కువగా కనిపించేది ట్రిగ్గర్ కవచానికి సరిగ్గా ముందు, రెండు వైపులా ఉండే తెడ్డు ఆకారపు మీట. తుపాకీని రెండు చేతులతో పట్టుకున్నప్పుడు ఆసరా ఇచ్చే చేతి బొటనవేలు దాన్ని అందుకోవాలి. చిన్న చేతులవారికి ఇది అందకపోవచ్చు. భార్యాభర్తలిద్దరూ వాడే తుపాకీ అయితే ఇద్దరి చేతులతోనూ చూసుకోవాలి. టీఎల్ఆర్-7ఏతో పాటు ఎత్తులోనూ పల్లంలోనూ ఉండే రెండు రకాల మీటలు డబ్బాలోనే వస్తాయి. ఇంటి యజమానికి 1,000 ల్యూమెన్ల కన్నా అలాంటి చిన్న సౌకర్యమే ఎక్కువ విలువైనది.

మీట విషయంలో జరగకూడనిది ఏమిటో చరిత్రలో నమోదైంది. పిడి ముందు భాగంలో, ట్రిగ్గర్ కవచానికి కింద, మధ్యవేలితో నొక్కే ఒత్తిడి మీట ఒకప్పుడు పోలీసుల్లో బాగా వాడుకలోకి వచ్చింది. బలంగా పట్టుకుంటే చాలు, లైటు వెలుగుతుంది. 2010లో టెక్సస్‌లోని ప్లేనోలో ఒక పోలీసు అధికారి లైటు వెలిగించబోయి ట్రిగ్గర్ నొక్కడంతో ఒక యువకుడు మరణించాడు. కంగారులో ఉన్నప్పుడు చేతి వేళ్లు విడివిడిగా కదలవు. ఒక వేలు బిగిస్తే పక్క వేలు కూడా తెలియకుండానే ముడుచుకుంటుంది. ఈ శరీర ధర్మాన్ని శిక్షణతో తగ్గించుకోవచ్చు గానీ పూర్తిగా తీసేయలేరు. కాబట్టి ట్రిగ్గర్ నొక్కే చేతి వేళ్లకు లైటు పని అప్పగించే ఏ అమరికైనా, ధర తక్కువైనా ఎక్కువైనా, ఇంటికి తగదు.

మీట తీరులో మరో రెండు సంగతులున్నాయి. నొక్కినంతసేపే వెలిగే తీరు, నొక్కి వదిలినా వెలుగుతూ ఉండే తీరు రెండూ ఉండాలి. ఏది ఎలా వస్తుందో వేలికి చూడకుండా తెలియాలి. లైటు పటపటా కొట్టుకుంటూ వెలిగే స్ట్రోబ్ తీరును కొన్ని చౌక లైట్లలో తీసేయడానికి వీలుండదు. ఎదుటివాణ్ణి గందరగోళపెట్టడానికని ప్రకటనలు చెబుతాయి. వాస్తవంలో ఆ గందరగోళం ఇద్దరికీ కలుగుతుంది. పైగా ఎదుటివారి చేతుల కదలిక ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. స్ట్రోబ్‌ను శాశ్వతంగా ఆపుకోగలిగిన లైటును ఎంచుకోవడం మంచిది.

తుపాకీ తన్నినప్పుడు లైటు లోపల ఏమవుతుంది

చౌక లైటు, ఖరీదైన లైటు పక్కపక్కన పెట్టి వెలిగిస్తే తేడా తెలియదు. తేడా తూటా పేలిన క్షణంలో తెలుస్తుంది. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు లైటు పెంకు దానితో పాటు వెనక్కి పోతుంది. లోపలున్న బ్యాటరీ మాత్రం బరువు వల్ల ఉన్నచోటే ఉండబోతుంది. నడుమనున్న స్ప్రింగు బలహీనమైనదైతే రెప్పపాటు విద్యుత్ సంబంధం తెగుతుంది. అప్పుడు లైటు ఆరి వెలుగుతుంది, లేదా కొత్తగా వెలిగించినట్టు భావించి సన్నటి వెలుగుకో స్ట్రోబ్‌కో మారిపోతుంది. వందల తూటాల తర్వాత ఎల్ఈడీ పలకను పట్టి ఉంచిన టంకం పగులుతుంది, అద్దం సడలుతుంది. నమ్మకమైన సంస్థలు రెండు వైపులా గట్టి స్ప్రింగులు పెట్టి, లోపలి సర్క్యూటును జిగురుతో పోతపోసి ఈ సమస్యను తీరుస్తాయి. ముప్పై డాలర్ల లైటుకూ నూటముప్పై డాలర్ల లైటుకూ మధ్య ఉన్న వందలో ఎక్కువ భాగం కంటికి కనిపించని ఈ పనికే పోతుంది.

బిగింపు సంగతి కూడా ఇలాంటిదే. తుపాకీ గొట్టం కింద గాడులు గాడులుగా ఉండే పట్టాను రెయిల్ అంటారు. పికటిన్నీ రెయిల్ కొలతలను అమెరికా సైన్యం 1995లో ప్రమాణంగా స్థిరపరిచింది. గ్లాక్ వంటి పిస్టళ్ల రెయిల్ దానికి కాస్త భిన్నం. మంచి లైటుతో పాటు రెండు మూడు రకాల చిన్న అమరిక ముక్కలు వస్తాయి. తుపాకీకి తగిన ముక్క వేయకపోతే లైటు ముందుకు వెనక్కి వెంట్రుకవాసి కదులుతూ ఉంటుంది. అలా కదిలే లైటు మీట కూడా వేలికి ఎప్పుడూ ఒకే చోట దొరకదు. చౌక రకాల్లో ఈ ముక్కలే ఉండవు. సన్నటి అల్యూమినియం దౌడను వేలి మరతో బిగించడమే ఉంటుంది.

లైటు బిగించాక తుపాకీ కూడా పూర్తిగా మునుపటి తుపాకీ కాదు. ముందు భాగంలో బరువు పెరిగితే కొన్ని పిస్టళ్లలో యంత్రాంగం నడక మారుతుంది. పాత తరం .40 (తూటా కొలత) గ్లాక్ పిస్టళ్లు లైటు పెట్టినప్పుడు ఇరుక్కుంటున్నాయని కొన్ని పోలీసు విభాగాలకు అనుభవమైంది. కాబట్టి లైటు బిగించిన తుపాకీతోనే కాల్పుల మైదానంలో వంద, నూటయాభై తూటాలు కాల్చి చూశాకే దాన్ని నమ్మాలి. ఆ తూటాల ఖర్చును లైటు ధరలో కలుపుకోకపోవడం చాలామంది చేసే పొరపాటు లెక్క. అలా కాల్చినప్పుడు గొట్టం మూతి నుంచి వచ్చే మసి లైటు అద్దం మీద గట్టి పొరలా పేరుకుని వెలుగును గణనీయంగా తగ్గిస్తుంది. మామూలు పెన్సిల్ రబ్బరుతో రుద్దితే ఆ మసి పోతుంది.

ధరల మెట్లు

2020ల దశకంలో అమెరికా దుకాణాల ధరలను స్థూలంగా మూడు మెట్లుగా చూడవచ్చు. 20 నుంచి 60 డాలర్ల మధ్య ఉన్నవి పేరు తెలియని సంస్థల లైట్లు. బొమ్మ తుపాకులకూ ఆటలకూ ఇవి పనికిరావచ్చు. నడిమి మెట్టు 100 నుంచి 160 డాలర్లు. పిస్టల్‌కు టీఎల్ఆర్-7ఏ, టీఎల్ఆర్-1 హెచ్ఎల్, రైఫిల్‌కు అదే సంస్థ ప్రోట్యాక్ రెయిల్ మౌంట్ శ్రేణి, పంప్ షాట్‌గన్ ముందు పిడి స్థానంలోకే వచ్చే టీఎల్-ర్యాకర్ ఈ మెట్టులో కనిపిస్తాయి. చార్జింగ్ బ్యాటరీతో ఓలైట్ అనే సంస్థ చేసే లైట్లు కూడా ఇక్కడివే. మూడో మెట్టు 250 డాలర్ల పైన. షూర్‌ఫైర్ ఎక్స్300 దీనికి ప్రతినిధి. అది నిస్సందేహంగా గట్టి లైటు. రోజూ వానలో, బురదలో తిరిగి, ఏటా వేల తూటాలు కాల్చే ఉద్యోగికి ఆ అదనపు గట్టిదనం అక్కరకొస్తుంది. పెట్టెలో ఉండి నెలకోసారి బయటికొచ్చే ఇంటి తుపాకీకి నడిమి మెట్టు దాటనక్కర్లేదు.

నడిమి మెట్టులోనే ఏది అన్న ప్రశ్నకు జవాబు తుపాకీ పరిమాణం ఇస్తుంది. పూర్తి పరిమాణపు పిస్టల్‌కు రెండు బ్యాటరీల టీఎల్ఆర్-1 హెచ్ఎల్ సరిగ్గా కుదురుతుంది. దాని మీట పెద్దది, వెలుగు గదిని బాగా నింపుతుంది. చిన్న పిస్టల్‌కు అది గొట్టం దాటి ముందుకు పొడుచుకొస్తుంది కాబట్టి ఒక బ్యాటరీ టీఎల్ఆర్-7ఏ మేలు. ఎక్కువమంది వాడే లైటు కొనడంలో మరో ఆదా ఉంది. లైటు బిగించిన తుపాకీ పాత ఒరలో పట్టదు, కొత్త ఒర కొనాలి. ప్రసిద్ధమైన లైట్లకైతే 40, 60 డాలర్లకే ఒర తయారుగా దొరుకుతుంది. అరుదైన లైటుకు ప్రత్యేకంగా చేయించుకోవాలి, అది కూడా వారాల తరబడి ఎదురుచూసి. మంచం పక్కన వేలిముద్రతో తెరుచుకునే చిన్న పెట్టె ఉన్నవారు దాని లోపలి కొలత ముందే చూసుకోవాలి. లైటు బిగించాక మూత పడక కొత్త పెట్టె కొనవలసి వస్తే చౌక లైటు చౌక కాకుండా పోతుంది.

బ్యాటరీ: మూడు వోల్టుల చిన్న లెక్క

ఈ లైట్లలో ఎక్కువ భాగం సీఆర్123ఏ అనే 3 వోల్టుల లిథియం బ్యాటరీతో పనిచేస్తాయి. ఇది చార్జింగ్ చేసేది కాదు. కొనేటప్పుడు ఖరీదనిపిస్తుంది గానీ కదపకుండా ఉంచితే పదేళ్లు నిలవ ఉంటుంది, గడ్డకట్టే చలిలోనూ పనిచేస్తుంది. ఏడాదంతా పెట్టెలో ఉండి ఒక్క రాత్రి పనికి రావలసిన వస్తువుకు ఇంతకన్నా తగిన గుణం లేదు. దుకాణంలో కౌంటరు దగ్గర ఒకటీ రెండూ కొంటే ధర ఎక్కువ. పన్నెండు బ్యాటరీల పెట్టె కొంటే ఒక్కోటి చాలా తక్కువకు పడుతుంది.

చార్జింగ్ రకాలు శిక్షణలో ఎక్కువసేపు లైటు వాడేవారికి డబ్బు మిగిలిస్తాయి. వాటి బలహీనత మరచిపోవడం. నెలల తరబడి చార్జింగ్ పెట్టని లైటు అవసరం వచ్చిన రోజున సగం వెలుగే ఇవ్వవచ్చు. అదే ఆకారంలో ఉండే 16340 అనే చార్జింగ్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. తయారీదారు అనుమతించని లైటులో దాన్ని వేస్తే సర్క్యూటు కాలిపోవచ్చు. రెండు బ్యాటరీల లైటులో ఒకటి పాతది, ఒకటి కొత్తది వేయడం మరింత ప్రమాదం. బలహీనమైన లిథియం బ్యాటరీని బలమైనది తోసినప్పుడు అది వేడెక్కి మండిన సందర్భాలున్నాయి.

వీసా, చట్టం, ఇల్లు

లైటు మామూలు వస్తువే, దాన్ని కొనడానికి అనుమతి అక్కర్లేదు. తుపాకీ సంగతి అలా కాదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1, బీ-2 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు సాధారణంగా తుపాకీ, తూటాలు కలిగి ఉండకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి వెసులుబాటు ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. చాలా తెలుగు ఇళ్లలో ఒకరికి గ్రీన్‌కార్డు, మరొకరికి తాత్కాలిక వీసా, వేసవిలో వచ్చిన తల్లిదండ్రులకు సందర్శక వీసా ఉంటాయి. తుపాకీ అందరికీ అందుబాటులో పడి ఉంటే అనుమతి లేనివారు కూడా దాన్ని కలిగి ఉన్నారన్న ప్రశ్న తలెత్తవచ్చు. తాళం పెట్టె అవసరం పిల్లల వల్ల మాత్రమే కాదు. పిల్లల విషయంలోనైతే టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో సరిగా భద్రపరచని, తూటా నింపిన తుపాకీ పిల్లల చేతికి చిక్కితే దాన్ని అలా వదిలేసినవారిది నేరం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ ప్రశ్న దాదాపుగా లేదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు పొందినవారు కొద్దిమంది. 2019 సవరణతో ఒక్కొక్కరికి అనుమతించే తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. ఇక్కడి ఇళ్లకు చేతి టార్చి, వాకిలి దీపం గురించి పైన చెప్పిన లెక్కలే వర్తిస్తాయి.

బిగించే రోజు, ఆ తర్వాత

లైటు బిగించేటప్పుడు చేతులు గొట్టం మూతికి అంగుళాల దూరంలో పనిచేస్తాయి. 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు తన పుట్టినరోజున తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించాడు. శుభ్రం చేయడం, లైటు పెట్టడం, బ్యాటరీ మార్చడం మూడూ ఒకే రకం పనులు. ముందు తూటాల డబ్బా అయిన మ్యాగజైన్ తీయాలి, తర్వాత చాంబర్‌లో, అంటే గొట్టం వెనుక తూటా కూర్చునే చోట, ఉన్న తూటా తీయాలి, ఆ చాంబర్‌ను కంటితో చూసి వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలను పక్క గదిలో పెట్టి వచ్చాకే మర తిప్పడం మొదలుపెట్టాలి. మ్యాగజైన్ ముందు తీయకుండా పైభాగం వెనక్కి లాగితే ఒక తూటా బయటపడి మరొకటి లోపలికి వెళ్తుంది. ఖాళీ అనుకున్న తుపాకీ పేలడానికి తరచుగా కనిపించే కారణం ఈ వరుస తప్పడమే. బ్యాటరీ మార్చడానికి తుపాకీ నుంచి విప్పనక్కర్లేని లైటుకు ఈ కోణంలోనూ కొంత మేలుంది. అయితే టీఎల్ఆర్-7ఏలో బ్యాటరీని ముందు వైపు మూత విప్పి మార్చాలి. అందుకోసం చేయి గొట్టం మూతి ముందుకు పోతుంది కాబట్టి పైన చెప్పిన వరుస తప్పకూడదు.

బిగించిన మర గట్టిగా ఉందో లేదో మొదటి యాభై తూటాల తర్వాత మళ్లీ చూడాలి, ఎందుకంటే సడలేది సాధారణంగా అప్పుడే. మర తల మీద, పక్కనున్న పెంకు మీద కలిపి సన్నటి రంగు గీత ఒకటి గీస్తే, ఆ తర్వాత మర కదిలిందో లేదో విప్పకుండానే తెలిసిపోతుంది. బ్యాటరీ వేసిన నెల, సంవత్సరం చిన్న కాగితం టేపు మీద రాసి పెట్టె మూత లోపల అంటిస్తే, వాడినా వాడకపోయినా ఏడాదికోసారి మార్చి పాతదాన్ని వంటింటి టార్చిలోకో, పిల్లల బొమ్మలోకో కాకుండా సీఆర్123ఏతోనే పనిచేసే చేతి టార్చిలోకి వాడుకోవచ్చు. ఒకే రకం బ్యాటరీతో నడిచే చేతి టార్చిని మొదటే ఎంచుకుంటే ఇంట్లో రెండు రకాలు నిలవ ఉంచుకునే పని కూడా తప్పుతుంది.